బొగ్గు గుంటకు మా బావి నీళ్లు

"గుంటలో నీళ్లు పడినాయి, అక్కను చెంబెత్తుకోని రమ్మను" అని మా తమ్ముడు మునిరత్నం కబురు పంపాడు. కబురు తెచ్చింది మా పక్కింటి అల్లుడు. వాడికి తలా తోకా తెలియక, "యా గుంటత్తా? చెంబెందుకు?" అని అడిగాడు. నాకు మాత్రం ఆ ఒక్క మాటతో అంతా తెలిసిపోయింది. నా ప్రయాణం అట్లా మొదలయింది.

మాది బావులు తవ్వే ఇల్లు. ఊరు పాకాల దగ్గర చిన్న పల్లె. నన్ను మా ఇంట్లోనే ఉన్న మేనమామకే ఇచ్చారు గనుక పుట్టింటి బావీ మెట్టినింటి బావీ నాకు ఒకటే. మాలో ఒక ఆచారం ఉంది. కొత్త బావిలో జల పడితే, తవ్వినవాడి తోడబుట్టిన ఆడపడుచు పుట్టింటి బావి నీళ్లు చెంబుతో తెచ్చి, కొత్త నీళ్లు మోకాటి లోతు దాటకముందే వట్టి కాళ్లతో అడుగుకు దిగి, వాటిలో కలపాలి. ఆ తర్వాతే ఎవరైనా చేదుకోవడం. ఆ చెంబును దారిలో నేలమీద పెట్టకూడదు. నేను అట్లా దిగిన బావులు చాలా ఉన్నాయి. ఒక్క దాంట్లో కూడా కాలు జారలేదు.

మునిరత్నం పడుచు వయసులోనే అరవదేశం పోయి, పణ్రుట్టి అవతల నేలబొగ్గు తీసే ఊళ్లో కుదురుకున్నాడు. ఆ ఊరి పేరు రాయను, అక్కడివాళ్లకు నా మూలంగా మాట రాకూడదు. పోవాలనుకునేవాళ్లు పణ్రుట్టిలో దిగి "బొగ్గు ఊరు" అంటే ఎవరైనా బస్సు చూపిస్తారు. అక్కడ సొరంగాలు లేవు. నేలను పైనుంచి తవ్వుకుంటూ పోయిన మహా గుంట. బొగ్గు కింద ఊట ఎక్కువ. దాన్ని మోటార్లతో రాత్రనక పగలనక తోడి పారబోయకపోతే గుంట మునిగిపోతుంది. మా వాడి ఉద్యోగం ఆ మోటార్ల దగ్గర. ఇప్పుడు ఆ పాత గుంటలో బొగ్గు అయిపోయింది. మోటార్లు ఆపేశారు. మా వాడికి కూడా పని మానుకునే వయసు వచ్చింది. బావులు తవ్వే ఇంట్లో పుట్టి బతుకంతా నీళ్లను తరిమినవాడు, తీరా నీళ్లు తమంతట తాము వస్తుంటే అక్కను పిలవకుండా ఎట్లా ఉంటాడు?

బుధవారం తెల్లవారకముందే బావిలో చెంబు ముంచాను. ఇత్తడి చెంబు. మూతికి తెల్లగుడ్డ కట్టి, పైన పిండి మెత్తి, వైరుబుట్టలో పెట్టుకున్నాను. ఇంకో సంచిలో సంగటి ముద్దలు, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి, ఎర్రగడ్డలు. పాకాలలో విల్లుపురం ప్యాసింజరు ఎక్కాను. ఈ బండి సుఖం ఏమిటంటే ఎక్కడా మారే పని లేదు. చిత్తూరు, కాట్పాడి, తిరువణ్ణామలై దాటి నేరుగా విల్లుపురం చేరుస్తుంది. కష్టం ఏమిటంటే ప్రతి చెట్టుకింద ఆగుతుంది. ఇంజను వైపు కిటికీ దగ్గర కూర్చోకండి, కంట్లో నుసి పడుతుంది. నాకు పడింది.

బండి నిండా కొండకు పోయి వస్తున్న గుండ్లే. నా ఎదురుగా తిరువణ్ణామలై ఆమె ఒకతె కూర్చుంది, పచ్చిగుండు మీద గంధం. వాళ్లది అక్కడ పూలకొట్టు అట. అరవం కలిపిన తెలుగు మాట్లాడుతోంది. నా ఒళ్లో బుట్ట చూసి లెంపలేసుకుంది.

"తీర్థమా అమ్మా? ఒక చుక్క నా నోట్లో పొయ్యి."

"తీర్థం కాదు, మా బావి నీళ్లు."

"బావి నీళ్లను బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నావే!"

సంగతి చెప్పాను. ఆమె నవ్వుతుందనుకున్నాను, నవ్వలేదు. నేను సంగటి తినేంతసేపూ చెంబును తన ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. బండి కుదిపినప్పుడల్లా "మురుగా" అంది. నేను పెట్టిన ఊరిబిండికి మాత్రం కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, "ఇది తిని మీరు ఎట్లా బతికి ఉండారు?" అని అడిగింది.

చిత్తూరు దాటేదాకా స్టేషన్ల పేర్లు చదువుకుంటూ పోయాను. తల నెరిశాక నేర్చుకున్న అక్షరాలు, ఎక్కడ కనిపించినా వదలను. కాట్పాడిలో అరవ పోలీసు ఒకడు పెట్టెలోకి ఎక్కాడు. అటువైపు సారా మీద కట్టడి గట్టిది. మూతి కట్టిన చెంబు చూడగానే వాడి మీసం లేచింది. గుడ్డ విప్పమన్నాడు.

"విప్పను. కావాలంటే వాసన చూసుకో."

చూశాడు. పిండి వాసన. వాడికి నమ్మకం కుదరలేదు. గుండామె అరవంలో ఏదో గట్టిగా అంది. పెట్టెలో గుండ్లన్నీ ఒక్కసారి అటు తిరిగాయి. వాడు దిగిపోయాడు. "ఏమన్నావమ్మా?" అంటే, "తిరుపతి తీర్థంలో సారా వెతికితే కళ్లు పోతాయని చెప్పినాను" అంది. నేను తీర్థం కాదని చెప్పాను గదా అంటే, "నువ్వు చెప్పింది నాకు. నేను చెప్పింది వాడికి" అంది.

విల్లుపురంలో దిగేసరికి ఎండ వాలింది. స్టేషను బయట ఆకులో ఇడ్లీ తిన్నాను. సాంబారు నీళ్లగా ఉన్నా వేడిగా ఉంది. అక్కడినుంచి పణ్రుట్టికి ఒక బస్సు, పణ్రుట్టినుంచి బొగ్గు ఊరికి ఇంకొకటి. పణ్రుట్టి అంతా పనసపండ్ల వాసన. దీపాలు పెట్టే వేళకు బస్టాండులో మునిరత్నం కనిపించాడు. చిక్కిపోయాడు. దగ్గు పట్టుకుంది. నన్ను పలకరించకముందే చెంబును పలకరించాడు.

"నేలకు పెట్టలేదు గదక్కా?"

"నువ్వు పెంచిన బిడ్డనట్రా నేను, నాకు చెప్పేదానికి?"

వాడి భార్య కుప్పమ్మ వాకిట్లో నీళ్లు చల్లి ముగ్గు వేసి ఉంది. ఆ వీధిలో మన తెలుగు ఇండ్లు పది దాకా ఉన్నాయి, అన్నీ చిత్తూరు వైపునుంచి వచ్చినవే. శుక్రవారం పొద్దున గుంటలోకి దిగడానికి ముహూర్తం పెట్టుకున్నారట. చెంబును ఉట్టిమీద పెట్టి, కడుపునిండా తిని పడుకున్నాను.

గురువారం మధ్యాహ్నం భోజనానికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. గుంట గట్లు చూసుకునే పని అతనిది. వీధివాళ్లు అతన్ని గట్టు ఇంజనీరు అంటారు. అరవబ్బాయి. కుప్పమ్మ చేతి పప్పుకోసం అప్పుడప్పుడు వస్తాడట. ఆ రోజు మాత్రం పప్పుకోసం రాలేదు. మేము దిగుతామని ఎవరో చెప్పారు, వద్దని చెప్పడానికి వచ్చాడు. మా వాడు మొగం తిప్పుకున్నాడు. మాట నా మీద పడింది.

"నాయనా, నేను దిగిన బావులు లెక్కలేవు. నిండిన బావిలో గట్టు కూలదు, ఎండిన బావిలో కూలదు. నువ్వు పిల్లోడివి, నీకు బావి సంగతేం తెలుసు?" అన్నాను.

అతనికి కోపం రాలేదు. "అమ్మా, మీ బావి రాయి. ఇది మణ్ణు. మట్టి. పైన ఎర్రమట్టి, దాని కింద ఇసుక, జేడిమట్టి, దాని కింద బొగ్గు" అన్నాడు. ఆకులో అన్నం కుప్పగా చేసి, మధ్యలో గుంట చేశాడు, మనం రసం పోసుకోవడానికి చేసుకుంటామే, అట్లా. "అమ్మా, కొంచెం రసం పొయ్యండి. కొంచెమే" అన్నాడు.

కుప్పమ్మ గరిటె వంచింది. గుంట అడుగున కాస్త రసం నిలిచింది. చూస్తుండగానే అడుగు మెతుకులు నానాయి. పైనున్న గట్టు ఒక పక్క జారి, రసంలో కూర్చుంది.

"ఇప్పుడు ఇంకో కుప్ప" అన్నాడు. ఈసారి ఒక చేత్తో గట్టు పట్టుకుని, చుట్టూ రసం పోయించి, గుంటలో కూడా గబగబా అంచుదాకా నింపించి, చెయ్యి తీశాడు. నిలబడింది. "గుంటలోనే కాదమ్మా, గట్టు వెనక నేలలో కూడా నీళ్లుంటాయి. అవి గట్టును గుంటలోకి తోస్తాయి. గుంట నిండితే ఆ నీళ్లు ఎదురు తోస్తాయి. సరికి సరి. నిండకముందే చెడ్డ కాలం. గట్టు కాలు నానింది, ఆసరా రాలేదు. అందుకే ఏటి కాలవ ఇటు తిప్పి తొందరగా నింపాలని చూస్తున్నాం. మీ ఆచారం మోకాలి లోతు అంటుంది. ఇక్కడ ఆ మోకాలి లోతే చెడ్డది."

"ఎన్నాళ్లు పడుతుంది నిండేదానికి?"

"వానలు బాగా పడితే మూడు నాలుగేళ్లు."

మునిరత్నం చెయ్యి కడుక్కుని లేచిపోయాడు. నేను ఇంజనీరుతో, "ముందు తిను. రెండు గుంటలు చేసినావు గానీ ఒక ముద్ద నోట్లో పెట్టలేదు" అన్నాను. లోపల మాత్రం ఆ జారిన అన్నం కళ్లముందునుంచి పోలేదు.

సాయంత్రం మా వాడు గుంట చూపించడానికి తీసుకుపోయాడు. చూడదగినదే. నేను అంత పెద్దది ఊహించుకోలేదు. మెట్టు కింద మెట్టు, ఒక్కొక్క మెట్టు మీద రెండు బండ్లు పోయేంత దారి. పైన ఎరుపు, కింద తెలుపు, ఇంకా కింద బూడిదరంగు, అట్టడుగున కాల్చిన కాఫీ గింజల రంగు. ఆ అడుగున నీళ్లు. ఆకాశం ముక్క పడిపోయినట్టు ఉన్నాయి, కదలిక లేకుండా.

"ఆడ, ఆ మూల సూడు. నా మోటార్లు ఆడుండె. వాటి శబ్దం లేకుంటే నాకు నిద్ర పట్టేది కాదు. ఇప్పుడు పట్టడంలే" అన్నాడు. వాడి మొగం చూస్తే, పుట్టిన బిడ్డను చూపించేవాడి మొగంలాగే ఉంది.

గట్టుకు ఇవతల తాడు కట్టి ఉంది. తాడు అవతల నేలలో పొడుగునా ఒక నెర్రె. దానికి అటొకటి ఇటొకటి గూటాలు పాతి, మధ్య దారం లాగి కట్టారు. ఆ దారం ఇంజనీరు మనుషులు ఆ పూటే కట్టారట. దారం తిన్నగా ఉంది, గూటాలు నిలువుగా ఉన్నాయి.

"ఎండకు నేల నెర్రెలు బాయదా? మన చేలో లేవా? వాళ్లకు మట్టి అంటే భయం" అన్నాడు మా వాడు.

నేను వంగి చూశాను. మన చేలో నెర్రెలు అడ్డదిడ్డంగా బాస్తాయి. ఇది గట్టు అంచు వెంబడే, గీత గీసినట్టు పోతోంది.

శుక్రవారం పొద్దున్నే పదిండ్ల వాళ్లూ బయలుదేరారు. ఆడవాళ్లు పసుపు కుంకుమ పళ్లేలు పట్టుకున్నారు. ఒకాయన పలక డప్పు కొట్టాడు, వాయించడం రాకపోయినా సంతోషంగా కొట్టాడు. కుప్పమ్మ పొంగలి కుండ ఎత్తుకుంది. నేను చెంబు ఎత్తుకున్నాను. గట్టు దగ్గరికి రాగానే నా కళ్లు గూటాల మీదికే పోయాయి. దారం తెగిపోయి ఉంది.

"మేక తెంపింటుంది" అన్నాడు పలక ఆయన.

దగ్గరకు పోయి, తాడు ఇవతలే కూర్చుని చూశాను. దారం తెంపింది మేక అయితే గూటం వంగదు. గుంట వైపు గూటం నిన్న నిలువుగా ఉన్నది, ఇప్పుడు గుంటలోకి తల వంచి ఉంది. దాని కింద నేల వేలెడంత దిగింది. ఎవరూ తొక్కలేదు, ఎవరూ తోయలేదు. అదే దిగింది.

మునిరత్నం తాడు ముడి విప్పుతున్నాడు.

"రత్నం, ముడి వెయ్యి" అన్నాను.

"ఏమక్కా?"

"దిగేది లేదు."

పలక ఆగింది. వాడు నా వైపు చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అంత దూరం నుంచి వచ్చి ఈ మాట అంటావా? వాడు అన్నంలో ఆడుకుంటే నువ్వు నమ్మినావా?"

"వాణ్ణి నమ్మలేదు. గూటాన్ని నమ్మినాను. నువ్వూ వచ్చి సూడు."

వాడు చూడలేదు. ఒక పెద్దావిడ నాకు దగ్గరగా వచ్చి, "అమ్మా, గంగమ్మను పిలిచి వెనక్కి పోతే ఎట్లమ్మా?" అంది. "గంగమ్మకు మనం అడ్డంపడి చస్తే బాగుంటుందా?" అన్నాను. నాకు మెత్తగా మాట్లాడడం రాదు.

"నిండేదాకా నేనుంటానా అక్కా?" అన్నాడు మునిరత్నం. అరిచి అనలేదు, అదే కష్టమయింది. దగ్గు తెరలో ఆ మాట వచ్చింది. వాడి తొందర అంతా ఆచారం కోసం కాదని అప్పుడు తెలిసింది. అంతలో వాడు, "నువ్వు దిగొద్దు. నేను దిగుతాను. ఇట్లియ్యి" అని చెంబు మీద చెయ్యి వేశాడు.

వాడి చేతిలో పడితే దిగుతాడు. పదిమంది పట్టుకున్నా దిగుతాడు. చిన్నప్పటినుంచీ అంతే. నేను ఒక అడుగు వెనక్కి వేసి, పిండి పెళ్ల ఊడబెరికి, గుడ్డ లాగేసి, చెంబు ఎత్తి గటగటా తాగేశాను. ఆపకుండా తాగాను. చీర తడిసింది. చివరి చుక్క దాకా తాగి, చెంబు బోర్లించి చూపించాను.

కుప్పమ్మ మొదట నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడుస్తుందనుకున్నాను. నవ్వుతోంది. "వదినా, పొద్దున కాఫీ కూడా తాగలేదు గదా నువ్వు" అంది. పలక ఆయన కిసుక్కుమన్నాడు. ఆ తర్వాత ఒకరొకరుగా అందరూ నవ్వారు, మా తమ్ముడు తప్ప. వాడు గుంటకు ఎదురుగా, మాకు వీపు పెట్టి నిలబడ్డాడు. చాలాసేపటికి వెనక్కి తిరిగి, విప్పిన తాడు మళ్లీ ముడి వేశాడు. రెండు ముళ్లు వేశాడు.

టెంకాయ తాడు ఇవతలే కొట్టాం. పొంగలి అక్కడే ఆకుల్లో పెట్టుకుని తిన్నాం. గట్టు ఇంజనీరు సైకిలు మీద వగరుస్తూ వచ్చాడు, మేం దిగామేమోనని. వంగిన గూటం చూసి మొగం పాలిపోయింది. అక్కడికక్కడే తాడును ఇంకా వెనక్కి జరిపించాడు. మేం తింటున్న ఆకులు కూడా ఎత్తుకుని జరగాల్సి వచ్చింది. మా వాడు ఆ పనిలో అతనికి చెయ్యి సాయం చేశాడు గానీ, నాతో ఆ రోజంతా ఒక్క మాట మాట్లాడలేదు.

శనివారం తిరుగు ప్రయాణం. వద్దంటున్నా వినకుండా వాడు విల్లుపురం దాకా వచ్చాడు. బస్సులో మూగనోము. పణ్రుట్టిలో దిగి, పనస తొనలు ఆకులో కట్టించి నా ఒళ్లో పడేశాడు. పండ్ల వేళలో పోతే పణ్రుట్టి పనస తప్పకుండా తినండి, మన వైపు దొరికే పనసకు ఆ రుచి రాదు. విల్లుపురంలో రైలు చీటీ కొనిచ్చి, కిటికీ దగ్గర చోటు పట్టి, సంచి పైన పెట్టాడు. ఇంజను వైపు కాకుండా చూసి మరీ కూర్చోబెట్టాడు. దిగి కిటికీ కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు.

"అక్కా."

"ఏమిరా."

"నేను దిగనులే. బయపడొద్దు."

"నేను పోయినాక దిగవు గదా?"

"నువ్వు లేకుండా దిగి నేనేం పోసేది? నా తలకాయా?"

ఒళ్లో గట్టిగా పట్టుకున్న పనస పొట్లం అప్పుడు వదిలాను.

కాసేపు కమ్మీ మీద రంగు గోటితో గీకాడు. "మన బావి నీళ్లు ఎట్లుండినాయి?" అన్నాడు.

నిజం చెప్పాలంటే ఆ నీళ్లు చిలుం కంపు కొట్టాయి. రెండు రోజులు ఇత్తడిలో, మూతి కట్టి, ఎండలో వచ్చిన నీళ్లు. గొంతు దిగడమే కష్టమయింది. నా నోటికి ఎప్పుడూ ఉన్నది ఉన్నట్టు అనడమే అలవాటు.

"తియ్యగా ఉండినాయిరా" అన్నాను.

"నాకొక గుక్క మిగిల్చుంటే నీ సొమ్మేం పోయుండు?"

"మిగిల్చుంటే ఆ గుక్క ఎత్తుకోని దిగుందువు."

నవ్వాడు. నవ్వు దగ్గులోకి తిరిగింది. ఈల మోగింది. బండి కదిలాక కూడా కొంత దూరం కమ్మీ పట్టుకుని నడిచాడు, నేను వేళ్ల మీద కొట్టి వదిలించాను.

చిత్తూరు దాటేసరికి సాయంత్రమయింది. పోయి వచ్చిన మీదట నాకు అనిపించింది రాస్తున్నాను. బొగ్గు ఊరు చూడండి. మనుషులు మంచివాళ్లు, తిండి బాగుంటుంది, గుంట లాంటిది మళ్లీ ఎక్కడా చూడరు. తాడు ఇవతలే నిలబడండి. మన రాతి బావుల తెలివి అక్కడికి తీసుకుపోకండి, ఆ మట్టికి అది సరిపడదు. నీళ్లు అంచుకు వచ్చిన రోజు కబురు వస్తుంది. అప్పుడు దిగే పని ఉండదు, ఒడ్డున కూర్చుని వంగి పోస్తే చాలు. అప్పటిదాకా వాడు ఉండాలి, నేనూ ఉండాలి. ఈసారి రెండు చెంబులు తీసుకుపోతాను, ఒకటి గుంటకు, ఒకటి వాడికి.